ఫుట్‌నోట్ ముప్పై ఏడు

"పరిగెత్తన్నా... వెనక్కి చూడకు!"

ఆమె అరుపు ఆస్పత్రి కారిడార్ పొడుగునా మోగుతుంది.

స్ట్రెచర్ తోస్తున్న నర్సు ఉలిక్కిపడి గోడకి అంటుకుపోతుంది.

ముందు ఆమె. వెనక టైలర్. టైలర్ వెనక... తెల్ల బూట్లు!

ఆ మనిషి మొహం ఆమె ఇంకా సరిగ్గా చూడలేదు. ఇందాక మార్చురీ మెట్లమీద ముందుగా కనబడింది ఆ జతే. తళతళలాడే తెల్ల స్పోర్ట్స్ షూస్. శవాల గదికి ఎవడైనా అలాంటి బూట్లేసుకుని వస్తాడా?

"ఎడమకి తిరుగు!" టైలర్ రొప్పుతూ అంటాడు. "లాండ్రీ గది... దానికి వెనక తలుపుంది!"

తిరిగారు.

తడి దుప్పట్లు. ఆవిరి. బ్లీచింగ్ వాసన ముక్కు పగలగొడుతోంది. గిరగిరా తిరుగుతున్న మెషీన్ల మధ్యనుంచి ఇద్దరూ దూరిపోతున్నారు. టైలర్ చంకలో లంచ్ బాక్స్. ప్రాణం మీదికొచ్చినా ఆ డబ్బా వదలడు మహానుభావుడు!

"దాన్ని పారెయ్యన్నా!"

"పారెయ్యను."

వెనక తలుపు. గడియ తుప్పు పట్టి ఉంది. ఆమె లాగుతుంది. రాదు. ఇంకోసారి...

లాండ్రీ గుమ్మంలో తెల్ల బూట్లు ఆగాయి.

పది అడుగుల దూరం. చొక్కా కింద చెయ్యి. ఆ చేతిలో ఏముందో చెప్పక్కర్లేదు.

అతను కాల్చాలి. కాల్చలేదు! లంచ్ బాక్స్ వైపు ఒకసారి చూసి, నెమ్మదిగా అడుగు ముందుకేశాడు.

టైలర్ ఒక్క తన్ను తన్నాడు. గడియ ఊడింది. ఇద్దరూ ఎండలో పడ్డారు.

ఎదురుగా ఆమె స్కూటర్.

టైం మూడు యాభై రెండు. టైలర్‌ని జడ్జి ముందు నిలబెట్టాలి. కోర్టు ఐదింటికి మూసేస్తారు.

* * *

టైలర్ బట్టలు కుట్టడు. పోస్ట్‌మార్టం అయ్యాక శవాల్ని కుడతాడు. డాక్టర్ కోసి, చూసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోతాడు. ఆ మనిషిని మళ్ళీ మనిషిలా చేసి ఇంటివాళ్ళకి అప్పగించేది టైలరే. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. అదీ ఎడమ చేత్తో. అతని అసలు పేరు జీతం స్లిప్పు మీద తప్ప ఇంకెక్కడా వినబడదు.

ఆమె లా కాలేజీలో లెక్చరర్. అవినీతి, పబ్లిక్ సెక్యూరిటీ, మానవ హక్కులు... ఇవీ ఆమె సబ్జెక్టులు. జన్మలో తుపాకీ పట్టుకున్న పాపాన పోలేదు. తుపాకుల మీద మాత్రం నలభై పేజీలు రాసింది!

ఆ నలభై పేజీలే ఇప్పుడు వెనకాల బైకేసుకుని తరుముతున్నాయి.

స్కూటర్ ట్రాఫిక్‌లో దూరింది. టైలర్ ఆమె చెవిలో అరుస్తున్నాడు.

"ఎవడు చెప్పాడు చెల్లెమ్మా నా గురించి? నీకూ నాకూ తప్ప మూడోవాడికి తెలీదే!"

ఆమె యాక్సిలరేటర్ ఇంకాస్త తిప్పుతుంది.

"నాకు తెలుసు. ఆ లిఫ్టువాడే! నువ్వు నాలుగుసార్లు వచ్చావుగా... వాడు చూశాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. వాడి జిమ్మడ! రేపు వాణ్ణి..."

ఆమె ఒక ఆటోని తప్పించుకుని ముందుకి పోతుంది.

పాపం లిఫ్టువాడు. వాడికేం తెలీదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసి కూడా తిట్లు తిననిస్తోంది! ఛీ... ఎంత నీచం!

ఎనిమిది నెలల కింద ఐదుగురు లారీ డ్రైవర్లు చచ్చిపోయారు. పోలీసుల స్పెషల్ స్క్వాడ్ నెల నెలా మామూళ్ళు పిండుతోందని వాళ్ళు ఫిర్యాదు ఇచ్చారు. ఇచ్చిన పదకొండో రోజున ఐదుగురూ గోడౌన్ వెనక శవాలైపోయారు. 'ఎదురుకాల్పులు' అంది స్క్వాడ్. గుళ్ళు ముందునుంచి తగిలాయంది పోస్ట్‌మార్టం రిపోర్టు.

"వెనకనుంచి తగిలాయి చెల్లెమ్మా," అన్నాడు టైలర్, ఆమె నాలుగోసారి వెళ్ళినప్పుడు. "కుట్టినవాణ్ణి నాకు తెలీదా?"

చిన్న నోట్‌బుక్ ఉందన్నాడు. కుట్టిన ప్రతి మనిషికీ నాలుగు ముక్కలు రాసుకుంటాడట... ట్యాగ్ నంబర్, గాయాలు వెనక ఎన్ని, ముందు ఎన్ని. ఎప్పుడో ఒక డాక్టర్ తప్పు రాసి తన నెత్తిన రుద్దాడట. అప్పట్నుంచీ అలవాటు. కానీ ఆ నోట్‌బుక్ చూపించలేదు. ఎంత అడిగినా చూపించలేదు.

"నా పేరు మాత్రం రాయకు. ఇద్దరాడపిల్లలు నాకు."

"నీ పేరు రాయనన్నా. ఒట్టు."

రాయలేదు. పేరు రాయలేదు!

* * *

ఫోన్ మోగింది. ఇయర్‌ఫోన్ చెవిలోనే ఉంది.

"అమ్మాయ్! దొరికాడా?"

గురువుగారు. ఆమెకి చదువు చెప్పినాయన. ఇప్పుడు ఆమె వ్యాసం వేసిన లా జర్నల్‌కి ఎడిటర్. డెబ్భై దాటినా కామా కూడా వదలని మనిషి. పొద్దున పదింటికి వ్యాసం ఆన్‌లైన్లో వచ్చింది. మూడింటికి స్క్వాడ్ ఆఫీసునుంచి ఆయనకి ఫోనొచ్చింది. సాక్షి ఎవరని అడిగారు. ఆయన చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా అన్నాడు. 'నీ ముప్పై ఏడో ఫుట్‌నోట్ ఒకసారి చదువుకో అమ్మాయ్' అన్నాడు. చదువుకుంది. స్కూటరేసుకుని నేరుగా మార్చురీకి వచ్చింది.

"దొరికాడు సార్! నాతోనే ఉన్నాడు. వెనక ఒకడు తగులుకున్నాడు..."

"నేరుగా కోర్టుకి పో. పెద్ద జడ్జిగారి చాంబర్. నేను ఆయనతో మాట్లాడాను. వాంగ్మూలం తీసుకుంటానన్నారు."

"ఆయన్ని నమ్మొచ్చా సార్?"

"నేను నమ్ముతాను. ఎందుకని అడక్కు. ఎడిటర్ అన్నాక చెప్పకూడని విషయాలు కొన్నుంటాయి. రూలు రూలే."

ఫోన్ కట్టయింది.

ఆమె వ్యాసంలో అసలు వాదనే అది. సాక్షికి ప్రమాదం ఎప్పటిదాకా? వాడి మాట రికార్డుకి ఎక్కేదాకానే! ఎక్కాక వాణ్ణి చంపి లాభం లేదు. అందుకే సాక్షిని ముందు జడ్జి ముందు నిలబెట్టాలి. పంతొమ్మిదో పేజీలో రాసింది. తీరిగ్గా, ఏసీ గదిలో కూర్చుని!

అద్దంలో బైక్.

బైక్ ఫుట్‌రెస్ట్ మీద తెల్ల బూటు!

"గట్టిగా పట్టుకో అన్నా!"

సిగ్నల్ ఎర్రగా ఉంది. ఆమె ఆగలేదు. ఒక బస్సు హారన్ చెవులు చిల్లులు పడేలా మోగింది. డ్రైవర్ కిటికీలోంచి ఆమె ఏడు తరాల్నీ తలుచుకున్నాడు. సందు. ఇంకో సందు. పక్కన కార్లు కడిగే షెడ్డు. గేటు తెరిచే ఉంది...

దూరిపోయింది. స్కూటర్ ఆపేసింది.

నురగ కారుతున్న ఒక వ్యాన్ వెనక ఇద్దరూ గొంతుక్కూచున్నారు. బైక్ చప్పుడు దగ్గరికొచ్చింది... ఆగింది...

ఊపిరి బిగబట్టారు.

బైక్ ముందుకు పోయింది.

ఆమె బ్యాగులోంచి నీళ్ళ సీసా తీసింది. "తాగన్నా."

టైలర్ మొహం తిప్పుకున్నాడు. "నీళ్ళు వద్దు."

"పెదాలు ఎండిపోయాయి చూడు..."

"వద్దన్నానుగా!"

అతనలా కసిరింది ఆమె ఎప్పుడూ వినలేదు. తర్వాత అతనే గొంతు తగ్గించాడు.

"ఆ బూట్లాయన్ని నేనెరుగుదును. ఆ ఐదుగుర్నీ వ్యాన్లోంచి దింపినప్పుడు వచ్చాడు. ఇప్పుడు నా కోసం వచ్చాడు. ఆ లిఫ్టు వెధవ..."

ఇక ఆమె వల్ల కాలేదు.

"లిఫ్టువాడు కాదన్నా! నేను!"

"ఏంటి?"

"నేనే చెప్పాను. రాశాను. వ్యాసం అచ్చు కావాలంటే ముందు ఇంకో పండితుడికి పంపుతారు. ఆయనెవరో మాకు చెప్పరు. మొదటి డ్రాఫ్ట్‌లో నీ నోట్‌బుక్ సంగతి రాశాను. ఆయన అడిగాడు... ఆ నోట్‌బుక్ ఎక్కడుంది, చూపించండి, లేదంటే తీసేయండి, సాక్షిని ఎందుకు నమ్మాలో వివరాలివ్వండి అని. నోట్‌బుక్ నువ్వివ్వలేదు. అది తీసేశాను. దాని బదులు..."

"బదులు?"

"మార్చురీ ఉద్యోగి. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. ఎడమచేతి వాటం. ఒక డ్రైవర్ శవాన్ని సమాధిలోంచి తీశారుగా, దాని మీద కుట్లు కూడా ఎడమచేతివే, కాబట్టి సాక్షి నిజమే చెబుతున్నాడు అని..."

టైలర్ తన ఎడమ చెయ్యి చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.

"ఈ ఊళ్ళో శవాల్ని ఎడం చేత్తో కుట్టేవాడు ఇంకొకడున్నాడా చెల్లెమ్మా?"

"లేడు."

"పేరొక్కటే రాయలేదన్నమాట. తక్కినవన్నీ రాశావు."

ఆమె ఏడుస్తోంది. "నెలాఖరుకి అచ్చయితే ప్రమోషన్ వస్తుందన్నా... తొందరపడ్డాను. ఫుట్‌నోట్లు ఎవడు చదువుతాడులే అనుకున్నాను. బుద్ధి గడ్డి తింది!"

తిడతాడనుకుంది. కొడతాడేమో అని కూడా అనుకుంది. కొడితే బాగుండు.

టైలర్ లంచ్ బాక్స్ ఒళ్ళోకి లాక్కున్నాడు.

"అందరం ఎప్పుడో ఒకప్పుడు తొందరపడినవాళ్ళమే," అన్నాడు నేల చూస్తూ. "లే. కోర్టు మూసేస్తారు."

* * *

నాలుగు నలభై నాలుగు.

కోర్టు మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతున్నారు. రెండో అంతస్తు. చాంబర్ బయట బంట్రోతు లేచి నిలబడ్డాడు. "మీకోసమే చూస్తున్నారు. వెళ్ళండి."

ఆమె ఒక్కసారి వెనక్కి చూసింది. మెట్ల మలుపులో తెల్ల బూట్లు. గేటు దగ్గర కార్డు చూపించి ఉంటాడు. తుపాకీతో సహా వదిలేసి ఉంటారు.

రానీ. ఇంక పదిహేను నిమిషాలే. మాట రికార్డుకెక్కితే నీ బూట్లూ నువ్వూ ఏం చేస్తారు?

లోపల చల్లగా ఉంది. గోడలనిండా చట్టాల పుస్తకాలు. మూల కంప్యూటర్ ముందు స్టెనో. పెద్ద బల్ల వెనక జడ్జి. తల నెరిసిన మనిషి. చూడగానే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించే మొహం.

"కూర్చోమ్మా. కూర్చో బాబూ. ముందు మంచినీళ్ళు తాగండి."

టైలర్ గ్లాసు పక్కకి జరిపాడు.

"భయపడకు. ఇక్కడ నిన్నెవరూ ఏమీ చెయ్యలేరు. నా బల్ల ముందుకొచ్చాక నువ్వు నా బాధ్యత."

ఆ మాటకి ఆమె గుండెలమీంచి పెద్ద బండ దిగిపోయింది. హమ్మయ్య! గురువుగారి మాట నిలబడింది.

స్టెనో వేళ్ళు కీబోర్డు మీద సిద్ధంగా ఉన్నాయి.

జడ్జి ముందుకి వంగాడు. నవ్వాడు.

"మొదలుపెట్టే ముందు ఒక్క విషయం బాబూ. నోట్‌బుక్ తెచ్చావా?"

టైలర్ వేళ్ళు లంచ్ బాక్స్ మీద బిగుసుకున్నాయి.

ఆమె తల ఊపబోయింది...

ఆగిపోయింది.

నోట్‌బుక్?

అచ్చయిన వ్యాసంలో నోట్‌బుక్ లేదు! ఆ మాటే లేదు. ఉన్నది మొదటి డ్రాఫ్ట్‌లో. ఆ డ్రాఫ్ట్ చూసింది లోకంలో ఇద్దరు. ఒకరు గురువుగారు. రెండో మనిషి... పేరు చెప్పకూడని ఆ పండితుడు!

'నేను నమ్ముతాను. ఎందుకని అడక్కు.'

అయ్యో సార్! మీ రూలు తగలెయ్య! వ్యాసం చదవమని పంపింది ఈయనకేనా? ఇప్పుడు మనిషిని పంపిందీ ఈయనకేనా?

'ఆ నోట్‌బుక్ ఎక్కడుంది? సాక్షి వివరాలివ్వండి.' ఆమె దాన్ని పండితుడి అనుమానం అనుకుంది. అది స్క్వాడ్ విచారణ! వ్యాసం వద్దంటే సాక్షి దొరకడు. వివరాలడిగితే ఆమే రాసిస్తుంది. రాసిచ్చింది. మార్చిన వ్యాసం మళ్ళీ ఈయన దగ్గరికి రాదు, అది చూసుకోవడం ఎడిటర్ పని కాబట్టి, అచ్చయ్యేదాకా ఓపిగ్గా కాచుక్కూచున్నాడు. పైగా మొదటి పేజీలో 'అజ్ఞాత సమీక్షకులకు కృతజ్ఞతలు' అని కూడా పెట్టింది ఆమె!

తెల్ల బూట్లవాడు లాండ్రీలో ఎందుకు కాల్చలేదో ఇప్పుడర్థమైంది. ముందు వాళ్ళకి నోట్‌బుక్ కావాలి. అది చేతికొచ్చాక...

కంచే చేను మేస్తోంది. ఆ చేలోకి టైలర్‌ని చెయ్యి పట్టుకుని తెచ్చింది తనే!

"ఏమ్మా? పలకవేం?"

నాలుగు యాభై ఒకటి. తలుపవతల కీచుమని బూటు చప్పుడు.

ఆలోచించు. మాట రికార్డుకెక్కితే సాక్షి బతుకుతాడు. ఈ గదిలో ఎక్కదు. మరి ఇంకో దారి? సాక్షి విలువ పోతే... అప్పుడూ బతుకుతాడు. పనికిరానివాణ్ణి ఎవడు చంపుతాడు?

ఆమె లేచి నిలబడింది.

"సార్. నేనొకటి ఒప్పుకోవాలి."

"చెప్పమ్మా."

"నోట్‌బుక్ లేదు. సాక్షీ లేడు. ఆ ఫుట్‌నోట్ అబద్ధం. ప్రమోషన్ కోసం నేనే కల్పించాను."

కీబోర్డు టకటకమంది.

టైలర్ ఆమెకేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఈయనకి ఏమీ తెలీదు. వ్యాసంలో రాశాను కదా అని ఎవరో ఒకణ్ణి తెచ్చి చూపించాలనుకున్నాను. డబ్బులిస్తానని లాక్కొచ్చాను. ఈయన ఏమీ చూడలేదు సార్."

జడ్జి ఆమెను చాలాసేపు చూశాడు. ఆ కళ్ళలో ఆమెకి మొదట అనుమానం కనబడింది. తర్వాత తృప్తి.

చచ్చిన సాక్షి కంటే అబద్ధమాడిన పండితురాలే వాళ్ళకి మేలు. కేసూ పోతుంది, వ్యాసమూ పోతుంది.

"బాగా ఆలోచించే చెబుతున్నావా అమ్మా? ఉద్యోగం పోతుంది."

"పోనీండి."

ప్రింటర్ గురగురమని ఒక కాగితం కక్కింది. జడ్జి తన పెన్ను ఇచ్చాడు.

ఆమె సంతకం పెట్టింది. ఐదుగురు డ్రైవర్లనీ రెండోసారి చంపినట్టుంది. ఐదుగురు తల్లుల దగ్గర కూర్చుని, వాళ్ళ చేతులు పట్టుకుని, 'నిజం రాస్తానమ్మా' అంది తను. ఇదిగో రాసింది. కింద సంతకం కూడా పెట్టింది.

"నువ్వు వెళ్ళొచ్చు బాబూ," అన్నాడు జడ్జి.

టైలర్ లేచాడు. లంచ్ బాక్స్ చంకలో పెట్టుకున్నాడు. వెళ్ళిపో అన్నా... ఇంటికెళ్ళు... పిల్లలున్నారు... ఆమె మనసులో దణ్ణాలు పెడుతోంది.

అతను ఆమె దగ్గర ఆగాడు.

"నా కోసం అబద్ధమాడావా చెల్లెమ్మా?"

ఆమె జడ్జి పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"నేనూ ఒకసారి నా కోసం నోరు మూసుకున్నాను," అన్నాడు టైలర్. "అప్పట్నుంచీ నిద్ర లేదు."

తిరిగాడు.

బయటి తలుపు వైపు కాదు!

జడ్జి కుర్చీ వెనక ఇంకో తలుపు. రోజూ జడ్జి కోర్టు హాల్లో వేదిక మీదికి నడిచే తలుపు. టైలర్ బల్ల చుట్టూ తిరిగి, ఎడం చేత్తో దాన్ని తోసేశాడు.

"ఏయ్! ఎక్కడికి? ఆపండి!"

* * *

హాలు కిటకిటలాడుతోంది. చివరి మూడు కేసుల కోసం జనం ఎదురుచూస్తున్నారు.

ఆ తలుపు తెరుచుకుంది.

అంతే! అలవాటు కొద్దీ హాలు మొత్తం లేచి నిలబడింది. లాయర్లు, నిందితులు, గార్డులు, అందరూ. శవాల్ని కుట్టే మనిషి వేదిక మీదికొస్తే కోర్టంతా లేచి నిలబడింది!

టైలర్ బిత్తరపోయాడు. ఒక్క క్షణమే. లంచ్ బాక్స్ మూత తీశాడు. అడుగున ప్లాస్టిక్ కవర్లో నోట్‌బుక్. తెరిచాడు.

"నేను పెద్దాస్పత్రి మార్చురీలో పని చేస్తాను. ఆ ఐదుగురు డ్రైవర్లనీ కుట్టింది నేనే. రాసుకోండి."

అతని వెనకే ఆమె వేదిక మీదికి పరిగెత్తుకొచ్చింది. వేదిక కింద ముసలి గుమాస్తా కలం తీశాడు.

"రాయొద్దు!" చాంబర్ గుమ్మంలోంచి జడ్జి అరిచాడు. "అది రికార్డు కాదు!"

గుమాస్తా కళ్ళజోడు సర్దుకున్నాడు. "వేదిక మీంచి వచ్చిన మాట రాయడమే నా పని సార్. ముప్పై ఏళ్ళుగా అదే చేస్తున్నా."

"ట్యాగ్ ఒకటి. వెనక రెండు, ముందు సున్నా."

గుమాస్తా కలం కదులుతోంది.

"ట్యాగ్ రెండు. వెనక మూడు, ముందు సున్నా. ట్యాగ్ మూడు. వెనక ఒకటి, ముందు సున్నా. ట్యాగ్ నాలుగు. వెనక రెండు, ముందు సున్నా."

చాంబర్ బయటి తలుపు ధడాలున తెరుచుకుంది. తెల్ల బూట్లు. స్టెనో కెవ్వుమంది. జడ్జిని పక్కకి నెట్టేసి...

"అన్నా! కిందికి వంగు!!"

ఢాం!

టైలర్ కూలిపోయాడు. ఎడమ భుజం ఎర్రగా తడిసిపోతోంది. నోట్‌బుక్ జారి ఆమె కాళ్ళ దగ్గర పడింది. ఆమె అతని పక్కన మోకాళ్ళ మీద కూలబడింది.

"చెల్లెమ్మా... ఐదోది..."

"మాట్లాడకన్నా! డాక్టర్! ఎవరైనా..."

"ఐదోది చదువు. నా వల్ల కాదు."

ఆమె నోట్‌బుక్ తీసింది. లేచి నిలబడింది. ఐదో పేజీ. వంకర టింకర అక్షరాలు. ఆమె చదవడం మొదలుపెట్టింది. గట్టిగా.

"ట్యాగ్ ఐదు. తెచ్చినప్పుడు... ఊపిరి ఉంది."

హాల్లో ఎవరో అయ్యో అన్నారు.

ఇందుకా అన్నా? ఇందుకా నాకీ పేజీ చూపించలేదు?

"నీళ్ళు అడిగాడు. తెల్ల బూట్లాయన నన్ను బయటికి పొమ్మన్నాడు. వెళ్ళాను. లోపల ఒక చప్పుడైంది. తిరిగొచ్చి కుట్టాను. వెనక రెండు. ముందు... ఒకటి. నేను నీళ్ళివ్వలేదు."

గార్డులు తెల్ల బూట్లవాడి మీద పడుతున్నారు. అతని చెయ్యి ఇంకా పైకే ఉంది. తుపాకీ ఆమెకేసి తిరుగుతోంది.

గుమాస్తా తలెత్తలేదు. రాస్తూనే అడిగాడు, రోజూ అడిగినట్టే.

"వాంగ్మూలం ఎవరిదని రాయాలమ్మా? పూర్తి పేరు చెప్పండి."

నీ పేరు రాయనన్నా. ఒట్టు.

ఆమె కిందికి చూసింది. టైలర్ కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. నెమ్మదిగా తల ఊపాడు.

ఆమె అతని అసలు పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా. హాలు చివరి బెంచీదాకా వినబడేలా.

ఢాం!

నోట్‌బుక్ ఆమె చేతుల్లోంచి ఎగిరిపోయింది. గుండు తగిలింది దానికో తనకో ఆమెకింకా తెలీదు.

గుమాస్తా అప్పటికే రాసేశాడు.